పల్లె బడిలో ప్రత్యేక విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన వేళ, ఎందరు చదివిరో లెక్కించుకొనుట సహజము. చదువుకొన రాలేకపోయిన వారిని తలచుకొనుట ధర్మము. మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలోను చూపు లేని బాలుడు, వినికిడి లేని బాలిక, బుద్ధి వికాసము మందగించిన పసివాడు గలరు. అట్టివారి పేరు హాజరు పట్టీలో నుండును. బిడ్డ మాత్రము ఇంటి అరుగుమీద నుండును. ఈ రెంటి నడుమనున్న దూరమే నేటి ప్రసంగ విషయము.

చట్టము కొరవడలేదు. 1974లో కేంద్ర ప్రభుత్వము వికలాంగ బాలలను సాధారణ పాఠశాలలలో చేర్చు పథకము నారంభించినది. 1995లోను, 2009లోను వచ్చిన చట్టములు ఆ హక్కును బలపరచినవి. 2016నాటి చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. నిర్దిష్టమైన వైకల్యము గల బిడ్డకు, అనగా 40 శాతమునకు తక్కువ గాని వైకల్యమున్నట్లు ధ్రువపడిన బిడ్డకు, 6 నుండి 18 ఏండ్ల వరకు ఇంటికి దగ్గరి బడిలో గాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందు హక్కు నిచ్చినది. పరీక్షలో అదనపు సమయము, వ్రాయలేని వారికి వ్రాయసకాడు ఉండవలెనని విధించినది.

సంస్థయు దూరమున లేదు. మేడ్చల్ దారిలోనే, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో, మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లో వెలసినది. ఇప్పుడది వేరొక పేరుతో నడచుచు, దేశమంతటికి ప్రత్యేకోపాధ్యాయులను తీర్చిదిద్దుచున్నది.

పల్లెకు ఈ సేవ చేరు మార్గము వేరు. మండల స్థాయిలో భవిత కేంద్రము ఉండును. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అచ్చట బిడ్డలకు అన్నము తినుట, గుండీ పెట్టుకొనుట మొదలు అక్షరములు, లెక్కల వరకు నేర్పుదురు. నిర్ణీత దినములలో ఫిజియోథెరపిస్టు వచ్చి కాళ్లు, చేతులకు వ్యాయామము చేయించును. కదలలేని బిడ్డల ఇండ్లకు ఉపాధ్యాయులే వెళ్లుదురు. రాకపోకల భత్యము, తోడు వచ్చు వారికి భత్యము, బాలికలకు ఉపకార వేతనము సమగ్ర శిక్షా పథకములో గలవు.

అయినను చిక్కు ఎచ్చట? బిడ్డను కేంద్రమునకు తెచ్చు తల్లి ఆనాటి కూలి కోలుపోవును. వారమున కొక దినము నడచిన వ్యాయామము మిగిలిన ఆరు దినములు ఇంట సాగనిచో ఫలము నిలువదు. ఒక్క ఉపాధ్యాయుడు పలు గ్రామములు తిరుగవలసి వచ్చినపుడు ఒక్కొక్క బిడ్డకు దక్కునది గడియలలోనే. అందుకే 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక దశలో పదిమందికి ఒకరు, పై దశలలో పదునైదుమందికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులుండవలెనని ప్రమాణము నిర్దేశించినది.

ఈ ప్రాంతమునకు వేరొక చిక్కును గలదు. కార్ఖానాలలో పని చేయుటకు ఒడిశా, బీహారు వంటి రాష్ట్రముల నుండి వచ్చిన కుటుంబములు ఇచ్చట కాపురముండును. ఇంటి భాష తెలుగు కాని బిడ్డ బడిలో మౌనముగా నున్నంతనే మందబుద్ధి యనుట అన్యాయము. ఒక్కొక్కప్పుడు నిజముగా వినబడని బిడ్డను "భాష రానివాడు" అని విడిచిపెట్టుటయు జరుగును. ఇంటి భాషలోనే పలుకరించి, వినికిడి పరీక్ష చేయించిన పిమ్మటనే నిర్ణయించుట న్యాయము. వినికిడి లోపము ఎంత త్వరగా తెలిసిన, మాట అంత బాగుగా వచ్చును. జాప్యమైన కొలది ఆ నష్టము పూడ్చుట కష్టము.

గ్రంథాలయము చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. గుమ్మమునొద్ద మెట్లకు ప్రక్కన వాలుబాట నిర్మింపవచ్చును. వారమున కొక సాయంకాలము కథలు బిగ్గరగా చదివి వినిపింపవచ్చును. పెద్ద అక్షరముల పుస్తకములు, ఆరు చుక్కలతో అక్షరములేర్పరచు బ్రెయిలీ పుస్తకములు కొన్ని చేర్చవచ్చును. భవిత కేంద్రము పనిచేయు దినములను, ధ్రువపత్ర శిబిరముల తేదీలను నోటీసు బోర్డుపై వ్రాసియుంచవచ్చును. చదువు రాని తల్లికి దరఖాస్తు పూరించి యిచ్చుటయు గ్రంథాలయ సేవయే.

బిడ్డ పుట్టుక పూర్వజన్మ పాపమని నిట్టూర్చు ఇల్లు ఆ బిడ్డను దాచును. దాచిన బిడ్డకు ఏ పథకమును చేరదు. కావున పొరుగువారు చేయవలసిన మొదటి పని జాలిపడుట కాదు, తలుపు తట్టుట. స్వర్ణోత్సవ వేళకు ఆ అరుగుమీది బిడ్డయు ఈ గ్రంథాలయ సభ్యుల పట్టికలో నుండవలెను.