కాల్చకూడని తుపాకీ

(చరోదాలో జరిగిన వార్షిక సమావేశంలో ఒక మాజీ సైనికుని ప్రసంగ పాఠం)



నేను 24 ఏళ్లు ఈఎమ్ఈలో ఆర్మరర్‌గా చేశాను. ఎన్నో ఎస్ఎల్ఆర్‌లు ఈ చేతుల మీదుగా వెళ్లాయి. పేలని ఆయుధం మా దృష్టిలో ఆయుధమే కాదు. అలాంటివాడి ఇంట్లో ఎన్నడూ కాల్చని తుపాకీ ఒకటుంది. ఆ సంగతే ఈరోజు చెప్పదలచుకున్నాను.

మా తాతయ్య శ్రీకాకుళం వైపు ఒక ఎస్టేటులో పనిచేసేవారు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దవుతున్న రోజుల్లో దొరగారు దాన్ని ఆయనకిచ్చారు. బర్మింగ్‌హామ్‌లో చేసిన 12 బోర్ జోడు గొట్టాల తుపాకీ, పైకి కనిపించే గుర్రాలతో. నాన్న రైల్వే ఉద్యోగానికి చరోదా వచ్చినప్పుడు, లైసెన్సుతో సహా అదీ వచ్చింది. ఏటా దసరాకు ఆయుధపూజలో దానికి బొట్టు పెట్టేవారు.

1980లో సెలవుకొచ్చి, చూస్తే గొట్టాలు గోధుమరంగులో మాసినట్టున్నాయి. మన బుద్ధి తెలిసిందేగా! పుల్‌త్రూ, చిందీతో ఆగలేదు. ఎమరీ పేపరు తీసుకుని ఒక పక్క తళతళలాడేలా రుద్దేశాను. నాన్న చూసి ఏమీ అనలేదు. కొన్నాళ్లకు పాత తుపాకుల సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకాయన వచ్చారు. మా క్వార్టర్‌లో సామానంతా అమ్మినా రానంత ధర చెప్పి, "ఈ పక్క ఎవరో పాడుచేశారండీ, లేకపోతే ఇంకా పలికేది" అన్నారు. నేను నోరు మెదపలేదు. అది పాతబడి పట్టిన తుప్పు కాదు, చేసిననాడు వేసిన రంగు. ఒకసారి పోతే తిరిగి రాదు.

ఆ రంగు కింద అలల్లాంటి గీతలున్నాయి. దాన్ని డమాస్కస్ గొట్టం అంటారు. మన భిలాయిలో రైలు పట్టాని ఒకే ఉక్కు దిమ్మె నుంచి సాగదీస్తారు. ఇది అలా కాదు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి అతికించారు. అంటే గొట్టం పొడవునా అతుకులే. ఏ అతుకులో తుప్పు దాగుందో పైకి తెలియదు. అప్పట్లో వాడింది నల్ల తుపాకీమందు. నేటి తూటాల్లోది పొగరాని మందు. ఆ మందుకు పరీక్షించినట్టు మా తుపాకీ మీద ముద్ర లేదు. కాలిస్తే గొట్టం చీలి చెయ్యే పోవచ్చు.

2000 దసరానాడు నాన్న అడిగారు. "ఒరే, మా నాన్న చేతిలో పేలగా విన్నాను. నేను పోయేలోగా ఒక్కసారి వినిపించరా."

"వద్దు నాన్నా" అన్నాను. కారణాలన్నీ చెప్పాను. ఆయన తలూపి, గుడ్డతో తుడిచి లోపల పెట్టేశారు. మరుసటి దసరాకు ఆయన లేరు. ఆర్మరర్‌గా నేను చేసింది సరైన పనే. కానీ దసరా వచ్చిందంటే ఆ మాటే చెవిలో పడుతుంది.

"పాతకాలంది కదా, లైసెన్సెందుకు?" అని చాలామంది అడుగుతారు. 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చింది, రిపేరు చేసినా పేలని పాత ఆయుధాలకే. పేలగలిగితే లైసెన్సు ఉండాల్సిందే. 2019 సవరణతో ఒకరి దగ్గర మూడు తుపాకుల బదులు రెండే ఉండాలి. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. పెళ్లిళ్లలో, పండగల్లో సరదాగా కాల్చడం కూడా నేరమే. 2016 నిబంధనల ప్రకారం యజమాని పోయాకే కాదు, 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లు తన దగ్గరున్నా, వారసుడి పేర లైసెన్సు అడగవచ్చు.

ఆమధ్య హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ముందు చాలాసేపు నిలబడ్డాను. మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు, నేరుగా వారసులు లేరు. 1949లో ఆయన పోయాక, 1951లో ఆ సేకరణని ప్రజల కోసం తెరిచారు. ఇంతటి నవాబు వస్తువులకే ఇంకొకరు పూనుకోవలసి వచ్చింది. మన ట్రంకు పెట్టె సంగతి మనం చూసుకోవద్దా?

నాకు 70 నిండాయి. మావాడు "ఈ లైసెన్సుల గొడవ నాకొద్దు నాన్నా" అన్నాడు. తప్పు లేదు. అమ్మాయి మాత్రం, "నేను కాల్చను, అమ్మను, ఉంచుతాను" అంది. దరఖాస్తు పెట్టాం. తుపాకీ కథంతా రాసి కాగితం దానికిచ్చాను. ఎమరీ పేపరు సంగతి కూడా దాచకుండా రాశాను.

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటిది ఉంటే రెండే మనవులు. దాన్ని రుద్దకండి. మీ తర్వాత ఎవరికో మీరుండగానే తేల్చండి.

జై హింద్.