జలతీరవిహారము – స్వచ్ఛందసేవ

 

నేను ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. చిన్నతనమున గురువుగారి యెదుట అమరకోశమును, శబ్దమంజరిని వల్లించినవాడను. అట్టివానికి ఏటి గట్టులతోను, చెరువు కట్టలతోను, అచ్చట విహరించువారితోను ఏమి పని యని మీరు అడుగవచ్చును. ఆ పని నాకు నా తప్పువలననే కలిగినది. ఆ తప్పు ఎట్టిదో కొంతసేపటిలో చెప్పెదను. ముందుగా మన ప్రాంతపు నీటి సంగతి యొకింత మనవి చేయుదును.

వికారాబాదు పట్టణమునకు సమీపముననే అనంతగిరి కొండలు కలవు. అచ్చట అనంతపద్మనాభస్వామి యాలయము, భవనాశి యను పుష్కరిణి, చుట్టును దట్టమైన యడవి. మూసీనది జన్మస్థానము ఈ కొండలే. ముచుకుందుడు శ్రీకృష్ణుని పాదములు కడిగిన జలమే నదియై ప్రవహించినదని స్థలపురాణము చెప్పును. అందుచేతనే దానికి ముచుకుందానది యను పేరు వచ్చినదందురు. ఇచ్చట పుట్టిన మూసీ తూర్పుగా హైదరాబాదు నగరము నడుమనుండి పోయి, సుమారు 240 కిలోమీటర్లు నడచి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. మన పడమటి వైపు నీరు కాగ్నానదిలో చేరి, తాండూరు ప్రక్కగా కన్నడ దేశమునకు పోయి, భీమానదిలో పడి, ఆ భీమతో గూడ తుదకు కృష్ణకే చేరును. ఒక్క జిల్లా వాన రెండు త్రోవల బోయి ఒక్క నదిలో మరల కలిసికొనుచున్నదన్న మాట.

కొండలయందు పిల్లవాడు గెంతి దాటగల ఆ సన్నని యేరే 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను గొనిపోయినది. ఆ యుపద్రవము మరల రాకుండుటకై 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును కట్టిరి. నీరు పుట్టుచోటనున్న మనము చేసిన మంచియు, చేసిన చెడుగును క్రిందివారి గుమ్మమునకు చేరునని మరువరాదు.

ఇక విహారమనగా పనిలేనివారి కాలక్షేపమని కొందరు పెద్దల యభిప్రాయము. వారియెడ గౌరవముతోనే నేను భిన్నముగా తలచుచున్నాను. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయుట మన పూర్వులు ఏర్పరచినదే కదా! సప్తసంతానములలో తటాకమును, వనమును కన్నకొడుకుతో సమముగా లెక్కించిరి. తటాకము పంటకొరకనిన ఒప్పుకొందును, వనము దేనికొరకు? నడచి యలసినవాడు నీడను గూర్చుండి నిట్టూర్పు విడుచుటకే. అనంతగిరి గాలి యారోగ్యకరమని తలచియే క్షయరోగులకు చికిత్సాలయమును ఆ కొండమీద నెలకొల్పిరి. ధారూరు సమీపముననున్న కోట్‌పల్లి జలాశయమున నేడు యువకులు చిన్న పడవలపై తెడ్లు వేయుచు ఆడుకొనుచున్నారు. సెలవుదినములలో హైదరాబాదునుండి బండ్లు బారులు తీరి వచ్చుచున్నవి. వచ్చువారు వత్తురు, రావలదనుట ధర్మము కాదు. వారు పోయిన పిమ్మట గట్టుమీద ఏమి మిగులుచున్నదన్నదే ప్రశ్న.

నా తప్పు ఇచ్చటనే చెప్పవలసియున్నది. నేను వృత్తిలోనున్న దినములలో ఒక కార్తికమున బడిపిల్లలను వెంటబెట్టుకొని యడవిలో ఒక సెలయేటి యొడ్డునకు వనభోజనమునకు పోయితిని. పులిహోర తింటిమి, పద్యములు చదివితిమి, పిల్లలు నీటిలో నాడిరి. వచ్చునప్పుడు రెండు సోడాబుడ్లు రాతిపై పడి పగిలినవి. ఒక బాలుడు పెంకులు ఏరబోగా నేనే వలదంటిని. “చేయి కోసికొందువు, విడువుము బిడ్డా, ఎవరో యొకరు తీసివేయుదురు” అంటిని. పొద్దు వాలుచుండెను, నాకు తొందర.

పది దినములు గడచిన పిమ్మట, మేకలు కాచుకొను ఒక పిల్లవాని కాలు ఆ పెంకుమీద పడి తెగినదని వింటిని. చూడబోతిని. గాయము చీము పట్టియుండెను. కంది కోతల కాలమంతయు వాడు మంచము దిగలేదు. వాని తల్లి నన్ను తిట్టలేదు. చేతిలోని చేటను ప్రక్కన బెట్టి ఒక్క మాట యన్నది: “సారూ, మీరు తిని పోతిరి. ఆడ తిరిగేటోళ్ళం మేమే గద!” తర్కశాస్త్రమున నేను చదివిన వాదములలో ఆ మాటకు సమాధానము దొరకలేదు. ఎవరో యొకరు తీయుదురంటిని. ఆ యెవరో యొకరు వాని పాదమైనది.

అప్పటినుండి నేను ఆలోచించుచుండిన విషయము ఇది. అందరిది యనుచోటు ఎవరిదియు కాకపోవుట ఎందువలన? మన పాత గ్రామవ్యవస్థయందు దీనికి ప్రత్యుత్తరము కలదు. ప్రతి చెరువునకు ఒక నీరటి యుండెడివాడు. కట్టపై నడచుట, తూము తెరచుట మూయుట, కాలువలో పడిన కంపను లాగివేయుట, ఎలుక బొరియ కనబడిన వెంటనే పటేలుతో చెప్పుట వాని పనులు. చెరువు ఊరందరిదే, కాని, కట్టపై నడచు పాదములు ఫలానావానివని ఊరందరికి తెలిసియుండెను. చెరువు నిలిచినది ఆ తెలివిడి చేతనే. మన విహారస్థలములకు భక్తులున్నారు, యాత్రికులున్నారు, వర్తకులున్నారు. నీరటి మాత్రము లేడు.

ఈ నీరటి పద్ధతియే సముద్రములకు ఆవల, అమెరికా దేశమున ఒక పాత కాలువను కాపాడుచున్నదని చదివి నేను ఆశ్చర్యపడితిని. దాని కథ వినదగినది. వాషింగ్టన్ నగరమునొద్దనుండి కంబర్లాండు వరకు 184.5 మైళ్ళు, అనగా సుమారు 297 కిలోమీటర్లు, పోటోమాక్ నది వెంబడి చెసపీక్-ఒహాయో యను కాలువ కలదు. 1828వ సంవత్సరము జూలై 4వ తేదీన త్రవ్వకము ప్రారంభించి 1850లో ముగించిరి. మన గోదావరి మండలమున పడవలు దాటుటకు లాకులున్నట్లే దానికి 74 లాకులు. గట్టుమీద కంచరగాడిదలు నడచుచు త్రాటితో పడవలను లాగెడివి. కాని ఆ కాలువకు తొలి గునపము వేసిన దినముననే సమీపమున రైలుమార్గమునకును పునాది వేసిరి. రైలు ముందుగా గమ్యము చేరినది. 1924 నాటి వరదలతో పడవలు నిలిచిపోయినవి. పిమ్మట ప్రభుత్వము ఆ కాలువను కొని, దాని వెంబడి మోటారు బండ్ల రహదారి వేయదలచెను.

అప్పుడు విలియం డగ్లస్ అను సుప్రీముకోర్టు న్యాయమూర్తి 1954లో పత్రికకు జాబు వ్రాసెను. ఆ గట్టుపై నాతోగూడ నడచి చూచి, పిమ్మట మీ యభిప్రాయము వ్రాయుడని సంపాదకులను పిలిచెను. ఆ మార్చినెలలో 58 మంది నడక మొదలుపెట్టిరి. ఎనిమిది దినములకు మొత్తము దూరము నడచి ముగించినవారు తొమ్మండుగురు మాత్రమే. కాని ఆ నడకతో ప్రజల మనస్సు మారినది. రహదారి ప్రయత్నము నిలిచినది. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రకోద్యానమైనది.

పెద్దలు గమనింపవలసినది ఆ తరువాతి భాగము. ఆ నడకనుండి పుట్టిన సంఘమువారు కాలువ పొడవును ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్కరు కోరి తీసికొనిరి. రెండు లాకుల నడుమ నీరు సమమట్టముగా నిలుచు భాగమునకు వారి భాషలో లెవెల్ అని పేరు. దానిపై నడచు సేవకునకు లెవెల్ వాకర్ అని పేరు. అతడు తన భాగమున నడచి, చెత్త యేరి, కూలిన చెట్టును, కోసుకుపోయిన గట్టును గుర్తించి వ్రాసి పంపును. జీతము లేదు. ఇతడు నీరటి కాక మరెవడు?

ఇక మా యనుభవము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము కొందరము మిత్రులము కలిసి ఏటి త్రోవను బాగుచేయ సంకల్పించితిమి. మొదటి ఆదివారము అరువదిమంది వచ్చిరి. గుడ్డపై వ్రాసిన ప్రకటనయు, ఫోటోలును, ఉపన్యాసములును జరిగినవి, నేనును మాటాడితిని. రెండవ ఆదివారము ఇరువదిమంది. మూడవ ఆదివారము నలుగురము మిగిలితిమి. నిరాశతో చింతచెట్టు క్రింద కూర్చుండియుండగా నాకు ఆ తల్లి మాట జ్ఞాపకమునకు వచ్చినది. తిరుగువారిదే స్థలమని ఆమె యన్నది. అట్లయిన మనము తిరుగువారము కావలెను. ఆ దినముననే త్రోవను నాలుగు ముక్కలుగా చేసితిమి. చింతచెట్టు మొదలు రాతిమెట్టు వరకు నాది. అటుపై బండరాయి వరకు ఒక కిరాణావర్తకునిది. మిగిలినవి యిద్దరు యువకులవి. కలిసి పోవలెనను నియమము లేదు. ఎవరి వీలునుబట్టి వారు వారమునకొకసారి తమ ముక్కపై నడవవలెను. అంతియే నియమము. ఆ పద్ధతి నేటికిని నడచుచున్నది. ముక్కలు ఇప్పుడు తొమ్మిదియైనవి. తొమ్మిదవ ముక్క నడుచువాడు, ఒకప్పుడు మేకలు కాచి కాలు కోసికొన్న ఆ పిల్లవాడే. ఇప్పుడు వాడు ఇద్దరు బిడ్డల తండ్రి. నేను అడుగలేదు, తానే వచ్చి తీసికొన్నాడు.

ఈ యనుభవమునుబట్టి కొన్ని మాటలు మనవి చేయుదును. మొదటిది, గట్టును పంచుకొనుడు. మీ ఊరి చెరువు కట్ట కావచ్చును, గుడి కోనేరు కావచ్చును, కాగ్నా రేవు కావచ్చును. ఈ చెట్టునుండి ఆ రాయి వరకు ఫలానావారిదని పదిమందిలో పలుకుడు. రెండవది, అడవి అటవీశాఖవారి యధీనము; వారి యనుమతి లేక కొత్త త్రోవలు వేయరాదు, నిప్పు రాజేయరాదు, కోతులకు తిండి వేయరాదు. మూడవది, లోతు నీరున్నచోట గట్టుపై ఒక పొడవైన మోకును, గాలి నింపిన ట్యూబు నొకదానిని చేతికందునట్లు ఉంచుడు. ఈత వచ్చినవాడును దుస్తులతో దుమికిన మునుగవచ్చును; మోకు విసరుట మేలు. పడవ యెక్కువారు లైఫ్ జాకెట్టు తొడిగికొననిదే కదలనీయకుడు. నాలుగవది తాండూరువారికి ప్రత్యేకముగా చెప్పుచున్నాను. మీ నాపబండ దేశదేశముల ఇండ్లలో పరచబడుచున్నది. గనులయొద్ద విరిగి అమ్మకమునకు పనికిరాని బండలు యజమానుల నడిగి తెచ్చి, రెండు రాళ్ళపై నిలిపిన చాలును, ముసలివారికి ఏటి గట్టున ఆసనము సిద్ధమగును. గట్టుపై ముదుసలి కూర్చున్నచోట యువకుడు సీసా పగులగొట్టుటకు వెనుకాడును. ఇది నేను కన్నులార చూచినది.

ఇచ్చట ఒక యాక్షేపణ కలదు. ఊరు శుభ్రము చేయుటకు పంచాయతీ కలదు, జీతమిచ్చి నియమించిన పారిశుద్ధ్య కార్మికులు కలరు, మనమేల పూనుకొనవలెనని యందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కూలివాని కూలిని స్వచ్ఛందసేవ పేరిట తొలగించుట పాపము. మన పని వాని పనికి బదులు కాదు. పంచాయతీవారు తొట్టి పెట్టవలెను, బండి పంపవలెను, పంపనిచో అడుగవలెను. తన ముక్కను ప్రతి వారమును చూచువాడే గట్టిగా అడుగగలడు. ఎన్నడును చూడనివాడు ఏమని యడుగును?

నగరమునుండి వచ్చు యువకులపై కేకలు వేయుట వలన ప్రయోజనము లేదు. నేను చేతిలో గోనెసంచితో నడచుచుండగా ఒకనాడు ఒక యువకుడు, “తాతగారూ, మీకిది యెందుకండీ?” అని యడిగెను. “నేను పారవేసినది యేరుకొనుచున్నాను, నాయనా” అని బదులు చెప్పితిని. అతడు నవ్వెను, నా మాట పరిహాసమనుకొనెను. అయినను వంగి తన కాలియొద్దనున్న సీసాను తీసి నా సంచిలో వేసెను.

పెద్దలారా! ఈ రాబోవు ఆదివారము ప్రొద్దున్నే లేచి మీ ఊరి నీటి యొడ్డునకు పోయి, ఒక చెట్టునుండి ఒక రాయి వరకు నడచి రండు. ఏమి చూచితిరో ఇంటికి వచ్చి మనుమలతో చెప్పుడు. మరుసటి వారము వారిని వెంట గొనిపొండు. మీ ముక్క యేదో నిశ్చయమైనట్లే.