ఏ మీట ఏ ఏరియేటరుది?



1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన తరువాత మన డెల్టాలో కాలువనీరు వాలున వచ్చి చేలో పడేది. కరెంటుతో రైతుకు అట్టే పని ఉండేది కాదు. ఇప్పుడు అలా కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో వరిచేలెన్నో చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ అయినాయి. 2009లో మన దేశంలో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక ఏరియేటర్ల వాడకం బాగా పెరిగింది. పది ఏరియేటర్లు, రెండు నీటి మోటార్లు, కాపలా పాకలో దీపం, అన్నీ గట్టుమీది ఒక్క ప్యానెల్ బోర్డునుంచే నడిచే చెరువులున్నాయి.

ఒక సంగతి అనుకోండి. రాత్రి మూడు గంటలు. ఏడో ఏరియేటరు రెక్కలకు నాచు చుట్టుకుని ఆగిపోయింది. కుర్రవాడు నీళ్ళలో దిగాలి. మీరు బోర్డు తలుపు తీశారు. పన్నెండు మీటలున్నాయి, ఒక్కదానిమీదా పేరు లేదు. "ఇదేలే" అని ఒకటి దించారు. ఏడోదే అయితే సరే. కాకపోతేనో? ఏడోది ముందే ఆగి ఉంది. మీరు ఆపినది దూరాన ఉన్న మరొకటైతే, ఆ చీకట్లో, ఆ హోరులో ఎవరు కనిపెట్టగలరు? ఉప్పునీళ్ళలో నడుముదాకా దిగినవాడి ప్రాణం ఆ "ఇదేలే" అన్న మాటమీద నిలిచి ఉంది.

కాబట్టి ఈ పని అవసరం వచ్చినప్పుడు కాదు, ముందే చేసి పెట్టుకోవాలి. ఎప్పుడంటారా? మధ్యాహ్నం, మంచి ఎండ వేళ. పగలు నీటిలోని నాచు ప్రాణవాయువును ఇస్తుంది. రాత్రి అదే నాచు దాన్ని వాడుకుంటుంది. తెల్లవారకముందు చెరువులో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువ. అందుచేత ఎండ వేళ ఒక్కొక్క ఏరియేటరును నిమిషంపాటు ఆపితే రొయ్యకు భయం లేదు.

మొదటి పద్ధతికి ఇద్దరు మనుషులు చాలు. ఒకరు బోర్డు దగ్గర, ఒకరు గట్టుమీద, చేతిలో ఫోను. అన్నిటినీ నడవనిచ్చి ఒక్క మీట దించండి. ఏది ఆగిందో గట్టుమీదివాడు చెప్పాలి. మళ్ళీ ఎత్తండి. అదే తిరిగితేనే కాగితంమీద వ్రాయండి. పాకలోని ప్లగ్గు ఏ మీటదో తెలియాలంటే దానికి ఒక రేడియో తగిలించి గట్టిగా పెట్టండి. ఏ మీట దించినప్పుడు పాట ఆగిందో అదే దాని మీట. ఇంత తేలిక!

ఇకమీదటివి ఎలక్ట్రీషియన్ చెయ్యవలసిన పనులు. బోర్డు లోపలి మూత మీరు తియ్యకండి. ఆయన దగ్గర క్లాంపు మీటరు ఉంటుంది. దాని దవడల మధ్య ఒక తీగను పట్టిస్తే అందులో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపుతుంది. ఏరియేటరును ఆపినప్పుడు ఏ తీగలో అంకె సున్నాకు పడిపోయిందో ఆ తీగ దానిదే. ఒక్క తీగనే పట్టించాలి. మూడు ఫేజుల తీగలూ కలిపి పట్టిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని మీటరు సున్నా చూపి మోసం చేస్తుంది.

నడవని కేబులైతే కరెంటు పూర్తిగా ఆపి, ఆ కేబులును రెండు కొసలా విడదీస్తారు. చెరువు దగ్గరి కొసన రెండు తీగలు కలిపి మెలిపెట్టి, బోర్డు దగ్గర బ్యాటరీ, చిన్న బల్బు పెట్టి చూస్తారు. బల్బు వెలిగితే అదే కేబులు. మోటారునుంచి విప్పకుండా చూస్తే మోటారు చుట్టలగుండానే బల్బు వెలగవచ్చు. ఆ వెలుగును నమ్మరాదు.

ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు అని రంగులు తెలిసినవే. కాని మరమ్మతు రోజున చేతికి దొరికిన తీగతో అతుకు వేసినవాళ్ళు ఎంతమంది లేరు? రంగు ఆనవాలే గాని సాక్ష్యం కాదు.

మీట దించినంత మాత్రాన కరెంటు పోయిందనుకోకండి. జనరేటరో, ఇన్వర్టరో ఉంటే అటునుంచి రావచ్చు. మీటను ఫేజుకు బదులు న్యూట్రల్‌లో కలిపి ఉంటే మోటారు ఆగుతుంది గాని తీగలో కరెంటు ఉండనే ఉంటుంది. టెస్టరు వెలగలేదని ధైర్యపడకండి. అది చెడిపోయి ఉండవచ్చు. అందుకే తెలిసినవాడు మీటరును ముందు కరెంటున్న చోట చూస్తాడు, తరువాత పని చెయ్యవలసిన తీగమీద చూస్తాడు, మళ్ళీ కరెంటున్న చోట చూస్తాడు. మూడూ సరిపోతేనే చెయ్యి వేస్తాడు.

తెలుసుకున్నది వ్రాయకపోతే తెలియనట్టే. మీటమీద, కేబులుమీద, ఏరియేటరుమీద ఒకే అంకె పెయింటుతో వేయించండి. పట్టీ ఒకటి వ్రాసి బోర్డు తలుపు లోపల తడవకుండా అంటించండి. తీగ మార్చిన రోజునే పట్టీ కూడా దిద్దండి. తప్పు పట్టీ లేని పట్టీకన్నా ప్రమాదం. మనిషి నీళ్ళలో దిగేటప్పుడు మీట దించి బోర్డుకు తాళం వేయండి. తాళంచెవి దిగినవాడి మొలతాడుకే ఉండాలి.

మీటరుకు అవతలి స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు ఈపీడీసీఎల్ వారివి. వాటి జోలికి పోక 1912కు ఫోను చెయ్యండి.

రొయ్య పోతే వచ్చే పంటలో చూసుకోవచ్చు. నీళ్ళలో దిగిన కుర్రవాడు పోతే మళ్ళీ రాడు. రేపు ఎండ బాగుంటే ఒక పూట ఈ పనికి కేటాయించండి. సెలవు.