తెల్లగూబ: ఎలుకకు శత్రువు, రైతునకు మిత్రము



స్వర్ణముఖీ తీరమున వరి పండించువారికి ఎలుకల బాధ క్రొత్తది కాదు. పైరు పొట్టకు వచ్చినది మొదలు ధాన్యము గాదెకెక్కిన పిమ్మటను, రైతు కష్టములో ఎలుక తన పాలు తీసికొనుచునే యున్నది. ఆ యెలుకలనే యాహారముగా గొని, కూలి యడుగక రాత్రియంతయు కావలి కాయు పక్షి తెల్లగూబ. జనులు దానిని చావుపిట్ట యని తిట్టి రాళ్లు రువ్వుదురు. అది యింట దూరినచో ఇల్లు పాడుపెట్టువారును గలరు. ఈ భయమువలన నష్టపడునది రైతే.

తెల్లగూబ సుమారు జేనెడున్నర పొడవుండును. వీపు బంగారు గోధుమవన్నె, రొమ్ము తెలుపు. తెల్లని ముఖము కొన క్రిందికి వ్రాలిన తమలపాకువలె నుండును. కీచుమని యరచుటయు, బుసకొట్టుటయు దీని స్వభావము; అది యపశకునము కాదు.

ఆ ముఖము శబ్దమును చేర్చి చెవులకందించు చేటవంటిది. రెండు చెవులును ఒక్క యెత్తున నుండవు గనుక, అలికిడి పైదో క్రిందిదో అది నిర్ణయింపగలదు. అమెరికాలో రోజర్ పేన్ అను శాస్త్రజ్ఞుడు 1971లో ప్రకటించిన పరీక్షలలో, చిమ్మచీకటిలో సయితము సవ్వడినిబట్టియే గూబ చిట్టెలుకను పట్టినది. ఈకల యంచులు మెత్తని కుచ్చులవలె నుండుటచే ఎగురునప్పుడు రెక్కల చప్పుడు ఎలుకకు వినబడదు.

ఈ పక్షి గూడు కట్టదు. పాడుమండపములు, గోపురములు, చెట్టుతొఱ్ఱలు దీని నివాసములు. సాధారణముగా నాలుగు మొదలు ఏడు వఱకు తెల్లని గ్రుడ్లను ఒక్కొక్కటిగా దినములు విడిచి పెట్టును. మొదటి గ్రుడ్డునుండియే పొదుగుటచే పిల్లలు పెద్దవియు చిన్నవియుగా నుండును. ఆహారము చాలనప్పుడు చిన్నవి చచ్చును. ఎలుకలు విస్తారముగా నున్నప్పుడు ఎక్కువ పిల్లలు బ్రదుకును. పిల్లలు ఎగురుటకు సుమారు రెండు మాసములు పట్టును. అంతవఱకు తల్లిదండ్రులు రాత్రులందు ఎలుకలను మోసి తెచ్చుచుండును.

ఈ మాట నమ్మనివారు స్వయముగా పరీక్షింపవచ్చును. గూబ ఎలుకను తఱచుగా మ్రింగివేసి, అరగని యెముకలను, వెండ్రుకలను ఉండగా చేసి క్రక్కును. మండపము క్రింద దొరకు ఆ యుండను నీట నానబెట్టి విడదీసినచో ఎలుకల పుఱ్ఱెలును పండ్లును కనబడును. వడ్లగింజ కనబడదు.

అయితే గూబయొక్కటియే యెలుకలను రూపుమాపజాలదు. పెద్ద పందికొక్కు దాని శక్తికి మించినది. కావున రైతులు ఈ క్రింది పనులను గూడ చేయవలయును.

1. గట్లను సన్నముగా నుంచి, గ్రామస్థులందఱు ఒక్కమాఱే కలుగులు త్రవ్వింపవలయును.

2. పొలమున అడ్డకఱ్ఱ గల గుంజలు నాటవలయును. గూబ వానిపై గూర్చుండి వేటాడును.

3. బ్రోమడియోలోన్ వంటి మందు తిన్న యెలుక కొన్ని దినములకు గాని చావదు. దానిని తిన్న గూబకును విషమెక్కును. అట్టి మందును విచ్చలవిడిగా వాడరాదు. చచ్చిన యెలుకలను పూడ్చివేయవలయును.

4. పిల్లలున్న చోటును కదల్పరాదు. పాతకట్టడమును పడగొట్టుటకు ముందు తొఱ్ఱలు చూడవలయును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి గూబను చంపుట నేరము.

మలేషియాలోని పామాయిల్ తోటలవారు కొయ్యపెట్టెలు నిలిపి యీ పక్షిని పిలిచి నిలుపుకొనిరి. నాయుడుపేట రైతు పెట్టెలకు వ్యయపడకపోయినను, చేతిలోని రాయిని క్రింద బడవైచిన చాలును.