గ్రూపులో పడ్డ పేరు
మా జవహర్‌నగర్‌లో ముగ్గురు శ్రీనులుంటే పొట్టి శ్రీను, బక్క శ్రీను, కిరాణం శ్రీను అయిపోతారు. నెట్‌లో మనిషి కనపడడు కదా, అందుకని అక్కడ అలవాటును బట్టి పేరు పడుతుంది. తెల్లారకముందే పూలబొమ్మ పంపేవారు 'గుడ్ మార్నింగ్ అంకుల్'.

2005 తర్వాత తెలుగు బ్లాగులు రాసినవాళ్లు మాత్రం అందరికీ కలిపి పేర్లు కట్టుకున్నారు: బ్లాగరి, బ్లాగోదరుడు, బ్లాగోదరి. సోదరుడిలో బ్లాగును దూర్చేశారు, భలే! 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సభ్యుడు 'వాడుకరి', చర్చించుకునే చోటు 'రచ్చబండ'. వీటితో ఎవరికీ నొప్పి లేదు.

నొప్పంతా ఒక్కరికే అంటించే పేరుతో. వీధిలో పిలిస్తే పదిమంది వింటారు, మరిచిపోతారు. గ్రూపులో రాస్తే స్క్రీన్‌షాట్ మిగిలిపోతుంది. మా దగ్గర మురుగునీటి గురించి రోజూ అడిగే ఒకావిడకు 'డ్రైనేజీ ఆంటీ' అని పెట్టారు. అప్పట్నుంచి ఆవిడ అడగడం మానేశారు. మోరీ ఇంకా పొంగుతూనే ఉంది.