వృద్ధాతుర సేవ



ఇంటి పెద్దలు తీవ్రజ్వరముతోనో ఆయాసముతోనో ఆసుపత్రిలో చేరినప్పుడు వారి బిడ్డలు మా వద్దకు వచ్చి అడుగు ప్రశ్నలు దాదాపు ఒక్కటే. "స్నానము కానిదే నాన్నగారు మందు మ్రింగుట లేదు. ఏకాదశినాడు గంజి కూడ ముట్టలేదు. ఏమి చేయుదుము?" ప్రాయశ్చిత్తము అడుగుదురే గాని, నాన్నగారి కాళ్ళలో బలమెంత మిగిలినదో ఎవరును చెప్పరు.

ముందు శాస్త్రము మాట. వ్రతభంగము కలిగింపనివి ఎనిమిదింటిని పెద్దలు లెక్కించినారు: నీరు, దుంపలు, ఫలములు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము. వైద్యుడు విధించిన గంజియు రోగికి ఔషధమే యని మా అభిప్రాయము. ఇక స్నానము. రోగికి నైమిత్తిక స్నానము తప్పనిదైనచో, ఆరోగ్యవంతుడొకడు పదిమార్లు స్నానమాడి, ఆడిన ప్రతిసారియు రోగిని తాకవలెననియు, దానితో రోగి శుద్ధుడగుననియు పరాశరస్మృతి చెప్పినది. శ్రమపడవలసినవాడు రోగి కాడు, ప్రక్కనున్నవాడు!

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు కావలసిన గుణములు ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము. మన ఇండ్లలో అనురాగమునకు లోటు లేదు. లోటు మొదటిదానికే. అమ్మను మంచము దిగనీయకుండుటయే సేవ యని తలచుచున్నారు. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఆరోగ్యవంతులైన వృద్ధులనే పది దినములు మంచమున ఉంచగా, కాళ్ళలోని కండ సుమారు ఒక కిలో తరిగినది. రోగపీడితుల మాట చెప్పనేల? కావున వైద్యుడు అనుమతించిన నాటినుండియే కుర్చీలో కూర్చుండబెట్టి అన్నము పెట్టవలెను. చేయూతనిచ్చి నాలుగడుగులు నడిపింపవలెను. అమ్మ మ్రొక్కిన ప్రదక్షిణలను కుమారుడు ప్రతినిధిగా చేయవచ్చును గాని, ఈ నడకకు ప్రతినిధి లేడు. కదలలేనివారిని సుమారు రెండు గంటలకొకసారి ఒత్తిగిలింపనిచో నడుము క్రిందను, మడమలయందును పుండ్లు పడును. మూత్రపు గొట్టము ఇంకను అవసరమా యని వైద్యుని అడుగుటకు మొగమాటపడరాదు.

మరియొకటి. నిన్నటివరకు చక్కగా మాటలాడిన పెద్దాయన రాత్రివేళ ఇది ఏ ఊరని అడుగును, ఎన్నడో గతించిన అన్నగారిని పిలుచును. ఇది సంధి. బంధువులు గాలి సోకినదని తాయెత్తుకై పరుగెత్తుదురు. మేము మంత్రశాస్త్రమును తక్కువ చేయుట లేదు. కాని ముందు చెప్పవలసినది నర్సునకు. రోగము ముదురుట, క్రొత్త మందు, ఒంటిలో నీరు తగ్గుట, మలబద్ధము, వీనిలో ఏదైనను కారణము కావచ్చును. కళ్ళజోడు, వినికిడి యంత్రము, పళ్ళసెట్టు పోవునేమోయని ఇంట దాచి వచ్చుట మనవారికి అలవాటు. అవి లేక, కొత్తచోట, ఆ వృద్ధుడు దేనిని పోల్చుకొనగలడు? పగలు వెలుతురు, రాత్రి నిద్ర, ఎరిగిన కంఠము దగ్గరనుండవలెను. సంధ్యావందనపరులైనచో శయ్యపైననే మానసికముగా చేయింపుడు. ఉదయమేదో సాయంకాలమేదో వారికి తెలియుచుండును.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007లో వచ్చిన కేంద్రచట్టము, ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు వీలైనంతవరకు పడకలును, వేరు వరుసయు ఉండవలెనన్నది. అడిగి పొందుడు.

ఇంటికి పంపునప్పుడు మందుల చీటీని వైద్యుని ఎదుటనే చదివించుకొనుడు. ఇంటిలోని పాత మందులలో ఏవి మానవలెనో, ఏవి కొనసాగింపవలెనో అప్పుడే అడుగుడు. స్నానపుగదిలో పట్టుకొనుటకు ఒక కడ్డీ, రాత్రి ఒక చిన్న దీపము, వారు రాకమునుపే అమర్చుడు.