ముల్లు కదలకపోతే

గార్లదిన్నె అనగానే కరువే గుర్తొస్తుంది గానీ, ఈ మండలంలోనే పెనకచర్ల దగ్గర పెన్నకు అడ్డంగా మిడ్ పెన్నార్ డ్యాం ఉంది. తుంగభద్ర నీళ్లు ఎగువ కాలువ గుండా ఇక్కడికి చేరతాయి. అలాంటి నీళ్లలో తిరిగే చిన్న మోటారు పడవలో ట్యాంకు నిండా పెట్రోలున్నా, దాన్ని చూపే మీటరు ముల్లు సున్నా దగ్గరే పడుకుందనుకోండి. మీటరు మార్చేయడానికి తొందరపడకండి. చాలాసార్లు తప్పు దానిది కాదు.

ట్యాంకులో బెండులా తేలే పరికరం ఒకటుంటుంది. అది పైకీ కిందికీ కదిలేకొద్దీ కరెంటుకు అడ్డు ఎక్కువా తక్కువా అవుతుంది. దాన్నిబట్టే ముల్లు ఆడుతుంది. ముందు ఫ్యూజు చూడండి. తర్వాత ఎర్తు వైరు. తేమకు అక్కడ పచ్చటి చిలుము పడుతుంది, గీకేసి బిగించండి.

అప్పటికీ కదలకపోతే తాళం తిప్పి, మీటరు వెనక ట్యాంకు నుంచి వచ్చే వైరు ఊడదీయండి. ముల్లు ఒక చివరకు పోవాలి. వైరు ఊడదీసిన ఆ మరను ఎర్తుకు తాకిస్తే రెండో చివరకు దూకాలి. దూకిందా, మీటరు మంచిదే! లోపం వైరులోనో, ట్యాంకులోనో ఉన్నట్టు. మన ట్రాక్టర్లలోనూ చాలావాటికి ఇదే పరీక్ష.

పెట్రోలు ఆవిరి ఉన్నచోట మాత్రం వైర్లు ముట్టకండి, ఒక్క నిప్పురవ్వ చాలు. బాగయ్యేదాకా ఎండుపుల్ల ముంచి కొలుచుకోండి.